యాడ్‌డబ్ల్యూ క్లీనర్ రివ్యూ: జిరాక్సు షాపు కంప్యూటరుకి ఇది సరిపోతుందా?

తీర్పు ముందే చెప్పేస్తున్నాను, తొందర్లో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. యాడ్‌డబ్ల్యూ క్లీనర్ అంటే కంప్యూటర్లో దూరిన ప్రకటనల చెత్తని వెతికి తీసేసే ప్రోగ్రాము. ఉచితం, చిన్న ఫైలు, ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, చెప్పిన పని చేస్తుంది. క్రోమ్ తెరవగానే ఎవరిదో సెర్చ్ పేజీ ప్రత్యక్షమవుతుంటే, అడక్కుండానే కూపన్లూ లాటరీలూ ఎగిరి పడుతుంటే, ముందు దీన్ని ఒకసారి నడిపించండి. అయిదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో చెప్పడానికే ఈ మిగతా సోదంతా.

మాది రాజోలు. బస్టాండుకి కాస్త ఇవతల జిరాక్సు, డీటీపీ, ఆన్‌లైన్ పనుల షాపు నడుపుతాను. మా దగ్గరికి ఏమేం వస్తాయో చెబితేగాని నా గోల అర్థం కాదు. పొద్దున్నే 1బీ, అడంగల్ ప్రింట్లు. తర్వాత ఈసీలు. దుబాయి, కువైట్, మస్కట్ వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు రెన్యువళ్ళు; ఈ దీవిలో ఇంటికొకరు గల్ఫులో ఉంటారు కదా, ఆ పని ఏడాది పొడుగునా తెగదు. వేసవిలో ఎంసెట్ కౌన్సెలింగు (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్, మా ఊళ్ళో ఇంకా ఎంసెట్టే). పీఎఫ్ విత్‌డ్రాయల్సు, పాన్ కార్డులు, రైలు టిక్కెట్లు. రాత్రి షట్టరు దించేవేళకి డౌన్‌లోడ్స్ ఫోల్డరులో సగం ఊరి పుట్టుపూర్వోత్తరాలు ఉంటాయి. రోజూ చెరిపేస్తాననుకోండి. కానీ చెరిపేలోపు ఆ మెషీన్లో ఇంకెవడు కూర్చుని చదువుతున్నాడన్నదే నా భయం.

అందుకే “వైరస్సేం కాదండీ, ఉత్త యాడ్‌వేరే” అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రకటనలు చూపించేది యాడ్‌వేరు, దొంగచాటుగా సమాచారం పట్టుకుపోయేది స్పైవేరు అని కంప్యూటరు కోర్సులో ఎవరైనా చెబుతారు, పరీక్షలో రాస్తే మార్కులూ పడతాయి. షాపులో ఆ గీత నిలబడదు. ఏ ప్రకటన చూపించాలో తెలియాలంటే నువ్వేం చూస్తున్నావో వాడికి తెలియాలి. అది తెలుసుకోవడం మొదలెట్టాక ఎక్కడ ఆగాలన్నది వాడి ఇష్టం.

ఈ చెత్త ఎలా వస్తుందో చూద్దాం. చాలామంది అనుకున్నట్టు పాడు సైట్లు చూడబట్టి కాదు. మా షాపులాంటి చోట దీనికి అసలు దారి 50 కేబీ. ప్రతి దరఖాస్తులోనూ ఫోటో 50 కేబీ లోపు ఉండాలి, సంతకం 20 కేబీ లోపు ఉండాలి, సర్టిఫికెట్లన్నీ ఒకే పీడీఎఫ్‌గా ఉండాలి అంటారు. కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉంటారు. అప్పుడు గూగుల్లో “పీడీఎఫ్ సైజు తగ్గించుట” అని కొడతాం. పైన వచ్చే మొదటి రెండు మూడు లింకులూ డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. పేజీలో పెద్ద ఆకుపచ్చ బటను మీద డౌన్‌లోడ్ అని ఉంటుంది. అసలు లింకు ఎక్కడో కింద చీమతలకాయంత ఉంటుంది. పెద్దది నొక్కుతాం.

రెండో దారి ప్రింటరు డ్రైవర్లు. క్యానన్ ఎల్‌బీపీ 2900 తెలియని జిరాక్సు షాపు ఆంధ్రదేశంలో ఉండదు. విండోస్ మళ్ళీ వేసిన ప్రతిసారీ దాని డ్రైవరు వెతుక్కోవాలి. తయారుచేసినవాళ్ళ సైటులోనే అది ఉచితంగా దొరుకుతుంది, కానీ వెతికితే ముందు ఎదురయ్యేవి “మీ డ్రైవర్లన్నీ మేం అప్‌డేట్ చేస్తాం” అనే అప్‌డేటర్లు. డ్రైవరు ఒక్కటి అడిగితే అప్‌డేటరు, దాని చుట్టం ఒక పీసీ స్పీడప్ సాఫ్ట్‌వేరు, ఒక సెర్చ్ బారు, ముగ్గురూ కలిసి దిగుతారు. ఇన్‌స్టాలర్‌లో “ఎక్స్‌ప్రెస్, రికమెండెడ్” అన్నది ముందే టిక్ పెట్టి ఉంటుంది. “కస్టమ్” అన్నది బూడిదరంగులో, పనికిరానిదానిలా కనిపిస్తుంది. అది నొక్కితేనే ఏమేం వస్తున్నాయో కనబడేది. మా కుర్రాడికి ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాను, నెక్స్ట్ నెక్స్ట్ నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోతే ఆ నెల జీతంలో కోస్తానని. ఇంతవరకు కొయ్యలేదు, వాడు కస్టమే నొక్కుతాడు.

మూడోది క్రాక్‌లు, అంటే డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేరుని ఊరికే నడిపించే దొంగతాళాలు. డీటీపీ షాపుల్లో తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరుకీ, ఫోటోషాప్‌కీ, విండోస్‌కీ క్రాక్‌లు వాడతారన్నది అందరికీ తెలిసిన గుట్టే. “ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి” అని చెప్పే ఏ ఫైలునైనా నడిపించారంటే, ఈ రివ్యూ మీకు సంబంధించింది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక మా వీధిలో రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరున్నారు. ఆయన పేరు చెప్పను. ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టారు.

“అమ్మాయ్, దీనికేదో వైరస్సు పట్టిందే. గూగుల్ అని కొడితే ఇంకెవడో పలుకుతున్నాడు.”

“ఈమధ్య ఏమైనా డౌన్‌లోడ్ చేశారా మాస్టారూ?”

“ఏం లేదే. పెన్షన్ కాగితాలు పీడీఎఫ్ చెయ్యమంటే మనవడు ఏదో వేసి పెట్టాడు. అది బాగానే పనిచేస్తోంది.”

నిజమే, ఆ కన్వర్టరు చక్కగా పనిచేస్తోంది. దాని పేరు ఇక్కడ రాయను, ఎందుకు రాయడం లేదో కింద చరిత్ర చదివితే మీకే అర్థమవుతుంది. యాడ్‌డబ్ల్యూ క్లీనర్ నడిపాను. కొద్ది నిమిషాల్లో జాబితా ఇచ్చింది: కన్వర్టరు, దాని వెంట వచ్చిన క్రోమ్ ఎక్స్‌టెన్షను (బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాము), లాగిన్ అయినప్పుడల్లా దాన్ని మళ్ళీ లేపడానికి టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని, డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్ చివర తగిలించిన ఒక వెబ్ అడ్రసు. ఆ చివరిది చూడండి, ఎంత గడుసుతనమో. సెట్టింగుల్లో హోమ్‌పేజీ మార్చినా లాభం ఉండదు, ఎందుకంటే మార్పు సెట్టింగుల్లో లేదు, మీరు రోజూ డబుల్ క్లిక్ చేసే బొమ్మలో ఉంది. మామూలు యాంటీవైరస్‌లు దీన్ని పట్టించుకోకపోవచ్చు. ఇది పట్టుకుంది. నేను దీనికి మార్కులు వేసేది ఇలాంటి చోటే.

జాబితాలో అన్నిటి పక్కనా ఒకటే ముద్ర: పీయూపీ, అంటే అవసరం లేకపోవచ్చుననిపించే ప్రోగ్రాము. ఇక్కడే నాకు పేచీ.

క్వారంటైన్, అంటే పట్టుకున్నవాటిని విడిగా బంధించే బటను, నొక్కేముందు ఆ ఎక్స్‌టెన్షను ఏం చేస్తోందో చూద్దామనిపించింది. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్ళి డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే, ఏ ఎక్స్‌టెన్షను వెనక ఏం నడుస్తోందో తెరిచి చూడొచ్చు. అందులో నెట్‌వర్క్ అనే కిటికీ ఉంటుంది. అది తెరిచిపెట్టి మరో ట్యాబులో నాలుగు పేజీలు చూశాను. నేను తెరిచిన ప్రతి పేజీ అడ్రసూ, ఒక పొడుగాటి గుర్తింపు అంకెతో కలిపి, ఎక్కడో ఉన్న సర్వరుకి వెళ్తోంది. పేజీలో ఉన్న అక్షరాలు వెళ్ళడం లేదు. పాస్‌వర్డులు వెళ్ళడం లేదు. అడ్రసులు మాత్రమే.

ఆ కంపెనీ వాళ్ళని అడిగితే ఏమంటారో నాకు తెలుసు. “పేరు తీసుకోవడం లేదు, ఊరు తీసుకోవడం లేదు, మంచి ప్రకటనలు చూపించడానికి అడ్రసులు మాత్రం చూస్తాం, అదీ మా నిబంధనల్లో రాసే ఉంది” అంటారు. సరే. మాస్టారు ఆ వారంలో చూసిన అడ్రసులు ఏవేవి? పెన్షన్ సైటు. ఆయన బ్యాంకు. మోకాలి ఆపరేషను చేసే ఆసుపత్రులు. పొలం ఈసీ. కొన్ని సైట్లలో దరఖాస్తు నంబరు అడ్రసులోనే కనబడుతూ ఉంటుంది. వీటన్నిటినీ ఒకే అంకె కింద పేర్చుకుంటూ పోతే పేరు ఎందుకు? రాజోలులో మోకాలి నొప్పితో బాధపడుతూ పొలం అమ్మకానికి పెట్టిన పెన్షనర్లు ఎంతమంది ఉంటారు?

అది యాడ్‌వేరా, స్పైవేరా? క్లీనరు దృష్టిలో పీయూపీ. మాస్టారి దృష్టిలో గూగుల్ పాడైంది, అంతే. నా దృష్టిలో, అదే ఎక్స్‌టెన్షను మా షాపు మెషీన్లో ఉంటే, రోజుకి వందమంది పనులు ఎవరికో అప్పజెబుతున్నట్టు. మా షాపు వరకు దానికి స్పైవేరు తప్ప వేరే పేరు లేదు.

అయితే అనుమతులు చూసి మాత్రమే తేల్చేయకండి. “అన్ని వెబ్‌సైట్లలోనూ మీ డేటా మొత్తం చదవడం, మార్చడం” అన్న అనుమతి ఆ కన్వర్టరు ఎక్స్‌టెన్షను అడిగింది. ప్రకటనలు ఆపడానికి నేను వాడే యూబ్లాక్ ఆరిజిన్ కూడా సరిగ్గా అదే అడుగుతుంది. పేజీ చదవకుండా అందులోంచి ప్రకటన తీసెయ్యలేదు కదా. తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉంది. చదివింది బయటికి పోతోందా లేదా అన్నదే తేడా, అది చూడాలంటే ఆ నెట్‌వర్క్ కిటికీ తెరవాల్సిందే. మామూలు మనిషి ఎవరు తెరుస్తారు?

ఇప్పుడు ఆ మెత్తటి పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. మా కుర్రాడికి ఇది చెబితే కథలా విన్నాడు.

2000 ప్రాంతాల్లో గేటర్ అని ఒకటుండేది. వెబ్‌సైట్లలో ఫారాలు నింపేది, పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునేది, ఉచితంగా. దాని వెంటే మనం ఏయే సైట్లు చూస్తున్నామో గమనించి పాపప్‌లు వేసే సరంజామా దిగేది. పీసీ పిట్‌స్టాప్ అనే సైటు దాన్ని స్పైవేరు అన్నందుకు 2003లో గేటర్ కోర్టుకి వెళ్ళింది, పరువు పోయిందని. రాజీ కుదిరింది, ఆ సైటు కొన్ని పేజీలు తీసేసింది. అదే ఏడు గేటర్ తన పేరు క్లారియా అని మార్చుకుంది. 2005లో మైక్రోసాఫ్ట్ క్లారియాని కొనబోతోందని వార్తలు వస్తున్న రోజుల్లోనే, మైక్రోసాఫ్ట్ వాళ్ళ సొంత యాంటీ స్పైవేరు ప్రోగ్రాము క్లారియా సరుకు కనబడితే “క్వారంటైన్ చెయ్యి” అని చెప్పడం మానేసి “పట్టించుకోకు” అనడం మొదలెట్టింది. నానా గొడవ జరిగింది. కొనుగోలు జరగలేదు. దాన్ని ఏం చెయ్యాలో చెప్పే సలహా మాత్రం మెత్తబడింది, అంతే.

ఈ రివ్యూలో ఉన్న క్లీనరుకీ ఇలాంటి కోర్టు కథే ఉంది. యాడ్‌డబ్ల్యూ క్లీనర్ ఫ్రాన్సులో 2011లో మొదలైంది, 2016లో మాల్వేర్‌బైట్స్ కంపెనీ కొనుక్కుంది. అదే 2016లో మాల్వేర్‌బైట్స్ మీద ఎనిగ్మా సాఫ్ట్‌వేర్ అనే మరో కంపెనీ అమెరికా కోర్టులో దావా వేసింది. మా స్పైహంటర్ ప్రోగ్రాముని పీయూపీ జాబితాలో పెట్టి మా వ్యాపారం చెడగొట్టారు అని. ఏళ్ళ తరబడి నడిచింది. 2019లో అప్పీలు కోర్టు, పోటీదారుని దెబ్బతీయడానికే అడ్డుకుంటే, చెత్తని అడ్డుకునే సాఫ్ట్‌వేర్లకి చట్టం ఇచ్చే రక్షణ వర్తించదంది. 2023లో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: హానికరం అనీ, ముప్పు అనీ ముద్ర వేస్తే అది నిజమో కాదో రుజువు చెయ్యగల వాస్తవం, దాని మీద దావా నడుస్తుంది; అవసరం లేకపోవచ్చు అంటే అది అభిప్రాయం. ఆ ముక్క చదివాక నాకు పీయూపీ అన్న ముద్ర గుట్టు తెలిసింది. లాయరు ఒప్పుకునే మాట అది. మీ ఆధార్ కార్డుల గురించి ఆలోచించి రాసింది కాదు.

అందుకే జాబితాలో ఎర్ర అక్షరాలు లేవు కదా అని ధీమా పడొద్దంటాను. మెత్తగా రాసిన వాటిలోనే హోమ్‌పేజీ మార్చి ఊరుకునే పిచ్చిది ఒకటుంటుంది, ప్రతి అడ్రసూ బయటికి మోసేది ఒకటుంటుంది. ఈ క్లీనరు రెంటినీ ఒకే బుట్టలో వేస్తుంది. ఒక్క మార్కు అక్కడ పోయింది. “ఇది ఫలానా సర్వరుకి ఫలానాది పంపుతోంది” అని ఒక్క వాక్యం రాసి ఉంటే అయిదుకి అయిదు వేసేదాన్ని.

ప్రకటన కోసం మొదలై ఎంత దూరం పోవచ్చో తెలియాలంటే సూపర్‌ఫిష్ సంగతి చూడండి. 2014 చివర్లో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో దాన్ని ఫ్యాక్టరీలోనే వేసి పంపింది. పని చాలా అమాయకమైనది: మీరు చూస్తున్న వస్తువుల బొమ్మల్లాంటివి ఎక్కడ చవగ్గా దొరుకుతాయో చూపించడం. కానీ బ్యాంకు సైట్లలాంటి తాళం గుర్తున్న పేజీల్లో కూడా ప్రకటనలు దూర్చాలంటే ఆ తాళం విప్పాలి. అందుకని విండోస్‌లో తన సొంత సర్టిఫికెట్టు, అంటే సైటు అసలైనదేనని బ్రౌజరుని నమ్మించే ముద్ర, నాటేసింది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ తాళంచెవి ఒకటే. 2015 ఫిబ్రవరిలో ఒక నిపుణుడు దాని పాస్‌వర్డు ఛేదించి బయటపెట్టాడు. అంటే అదే కాఫీ హోటల్లో వైఫై మీద కూర్చున్న ఏ దొంగయినా మీ బ్యాంకు పేజీని నకిలీ చెయ్యగలడు. దొంగతనం చేద్దామని ఎవరూ అనుకోలేదు. ప్రకటన వేద్దామనుకున్నారు, తలుపు మాత్రం ఊరందరికీ తెరిచిపెట్టారు. ఇలాంటిదాన్ని యాడ్‌వేరు అనడం తప్పు కాదు, కానీ ఆ మాట విని ఎవరైనా నిశ్చింతగా ఉంటే తప్పే.

సరే, ఇవన్నీ చిల్లర ప్రోగ్రాములు, పేరున్న యాంటీవైరస్ వేసుకుంటే సరి అంటారా? అవాస్ట్ పేరు వినే ఉంటారు, ఒకప్పుడు మా వైపు ప్రతి కంప్యూటర్లోనూ ఉచిత అవాస్టే. తన వాడకందార్ల బ్రౌజింగు వివరాలని జంప్‌షాట్ అనే అనుబంధ కంపెనీ ద్వారా అమ్ముకుందని 2020 జనవరిలో పత్రికలు బయటపెట్టాయి. జంప్‌షాట్ మూతబడింది. 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ ఎఫ్‌టీసీ కోటీ 65 లక్షల డాలర్లు కట్టాలంది. వందకి పైగా కంపెనీలకి అమ్మారని వాళ్ళ ఫిర్యాదు. కాపలా పెట్టుకున్నవాడే డైరీ రాసి అమ్మాడన్నమాట. అవాస్ట్ పని ప్రకటనలు చూపించడం కాదు. పాఠ్యపుస్తకం ప్రకారం అది యాడ్‌వేరు కాదు.

మాస్టారి ల్యాప్‌టాప్‌కి వద్దాం. క్వారంటైన్ చేశాను, రీస్టార్టు అడిగింది, చేశాను, గూగుల్ గూగుల్‌లాగే పలికింది. ఆయన సంతోషంగా వెళ్ళారు. వారం తిరక్కుండా వచ్చారు.

“మళ్ళీ వచ్చేశాడమ్మాయ్ వాడు!”

ఇది క్లీనరు తప్పు కాదు, కానీ కొనేవాళ్ళకి, అదే, వాడేవాళ్ళకి తెలిసి ఉండాలి. క్రోమ్‌లో మనవడి జీమెయిలుతో సింక్ (ఒకే ఖాతా ఉన్న కంప్యూటర్లన్నిటినీ ఒకేలా ఉంచే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. మెషీన్లోంచి ఎక్స్‌టెన్షను తీసేసినా గూగుల్ ఖాతాలో దాని జ్ఞాపకం ఉంటుంది, క్రోమ్ మళ్ళీ తెచ్చి పెడుతుంది. ముందు సింక్ ఆపాలి, గూగుల్ ఖాతాలో సింక్ డేటా చెరపాలి, అప్పుడు శుభ్రం చెయ్యాలి, ఆ తర్వాత మనవడు హైదరాబాదులో తన కంప్యూటర్లోనూ అది తీసెయ్యాలి. ఫోను చేసి చెప్పాను. “నాకేం కనబడటం లేదు అత్తా, అది బాగానే ఉంది” అన్నాడు. అవును మరి, దాని పద్ధతే అది.

కుడి చేతి మూల కింద నుంచి “మీ యాంటీవైరస్ గడువు ముగిసింది, అయిదు వైరస్‌లు దొరికాయి” అని లేచే బొమ్మల గురించి ఎక్కువమంది అడుగుతారు. మొన్న అంబాజీపేట కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన గాభరాగా వచ్చారు, ఆ బొమ్మ నొక్కి డబ్బు కట్టబోతూ ఆగారట. “ఆయ్, నమ్మేశానండి బాబూ” అన్నారు. అది ప్రోగ్రామూ కాదు, వైరసూ కాదు. ఎప్పుడో ఒక సైటు “మీరు రోబో కాదని రుజువు చెయ్యడానికి అలౌ నొక్కండి” అంటే నొక్కి ఉంటారు. నొక్కింది నోటిఫికేషన్లకి అనుమతి. క్రోమ్ సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్; అక్కడ తెలియని పేర్లన్నీ చెరిపేస్తే పోతుంది. ఈ క్లీనరులాంటి వాటి మీద ఆధారపడకండి, ఇది చేత్తో చెయ్యాల్సిన పని.

ఇంకో జాగ్రత్త. ఈ క్లీనరు ప్రీఇన్‌స్టాల్డ్ అని వేరే జాబితా ఇస్తుంది. ల్యాప్‌టాప్ కంపెనీ వేసి పంపిన ప్రోగ్రాములు అందులో కనబడతాయి. అవన్నీ చెత్త కావు. కొన్నిట్లో ఫ్యాను, బ్యాటరీ సర్దుబాట్లు ఉంటాయి. అన్నీ టిక్ పెట్టి ఊడ్చేస్తే తర్వాత మీటలు పనిచెయ్యడం లేదని మళ్ళీ నా దగ్గరికే వస్తారు. ఏది ఏమిటో చూసి తీసెయ్యండి. పొరపాటున తీసినా క్వారంటైన్ లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు, అది బాగుంది.

క్రాక్‌ల సంగతి తర్వాత చెబుతానన్నాను. అక్కడ దొరికేవి నిజమైన దొంగలు. రెడ్‌లైన్, లుమ్మా లాంటివి. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులూ, లాగిన్ అయి ఉన్నామని సైట్లకి చెప్పే కుకీలూ మూటగట్టి క్షణాల్లో పంపేస్తాయి. 2025లో మార్చి నుంచి మే మధ్య రెండు నెలల్లో లుమ్మా సోకిన విండోస్ కంప్యూటర్లు 3,94,000కి పైగా కనబడ్డాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఇవి ఒక్క ప్రకటన చూపించవు, సెర్చ్ పేజీ మార్చవు, మెషీన్ నెమ్మదించదు. యాడ్‌డబ్ల్యూ క్లీనర్ వీటికోసం పుట్టింది కాదు. దాంతో స్కాన్ చేసి “ఏమీ లేదు” అని రాగానే ఊపిరి పీల్చుకోకండి. అనుమానం ఉంటే పూర్తి యాంటీవైరస్ స్కాను చెయ్యాలి, వేరే మెషీన్ నుంచి పాస్‌వర్డులు మార్చాలి, జీమెయిల్లో అన్ని పరికరాల నుంచీ సైనవుట్ కావాలి. డబ్బు పోతే 1930కి ఫోను చెయ్యాలి, ఆలస్యం చెయ్యకుండా.

దించుకునేటప్పుడు పేరు జాగ్రత్త: ఏ, డీ, డబ్ల్యూ అక్షరాలు, ఆ వెంటనే క్లీనర్. మాల్వేర్‌బైట్స్ సొంత సైటులోంచి తప్ప దించుకోవద్దు. చెత్త తీసే సాఫ్ట్‌వేరు పేరుతో చెత్త అంటగట్టేవాళ్ళు బోలెడు. ఇంకో మాట, ఇది కాపలా కాయదు. నడిపినప్పుడు చూస్తుంది, ముయ్యగానే పోతుంది. కాపలాకి విండోస్‌లోనే ఒక మీట ఉంది: విండోస్ సెక్యూరిటీ తెరిచి, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద, అవసరం లేని యాప్‌లని అడ్డుకోమనే సెట్టింగు. చాలా మెషీన్లలో అది ఆఫ్‌లో ఉంటే నేనే ఆన్ చేశాను. సర్కారువారి సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి, బాట్‌లు (మన కంప్యూటరుని దూరం నుంచి ఇంకొకడు ఆడించే ప్రోగ్రాములు) తీసేవి. షాపులో బ్రౌజింగంతా ఫైర్‌ఫాక్స్‌లో, యూబ్లాక్ ఆరిజిన్‌తో. క్రోమ్‌లో ఇప్పుడు దాని పూర్తి రూపం నడవదు, లైట్ మాత్రమే. ఆ ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లే కనబడకపోతే సగం పీడ విరగడ. ఫోటో 50 కేబీ చెయ్యడానికి విండోస్‌లో ఉన్న పెయింట్‌లో రీసైజ్ చేసి జేపీజీగా సేవ్ చేస్తే సాధారణంగా సరిపోతుంది. పీడీఎఫ్‌కి ప్రింట్ కొట్టి “మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్” ఎంచుకుంటే అయిపోయె. దేనికండీ కన్వర్టరు?

నిబంధనల్లో రాశాం, మీరు ఒప్పుకున్నారు అంటారు కదా, దానికి మన దేశంలో ఒక కొత్త జవాబు ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన సమ్మతి అడిగేవాడు దాన్ని తేలికైన భాషలో, మనం కోరితే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని ఏ భాషలోనైనా చూపించాలి. అంటే తెలుగులో. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి 18 నెలల గడువిచ్చారు. “మీరు చూసే ప్రతి పేజీ అడ్రసూ మాకు పంపుకుంటాం, సమ్మతమేనా?” అని తెలుగులో అడిగితే మాస్టారు ఒప్పుకునేవారా? కర్రుచ్చుకునేవారు.

చివరిగా డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. స్కాను అయ్యాక ఈ క్లీనరు తన కంపెనీ ప్రీమియం యాంటీవైరస్ కొనుక్కోమని చూపిస్తుంది. అదీ ప్రకటనే. కానీ తన కిటికీలోనే చూపిస్తుంది, తన పేరుతోనే అడుగుతుంది, వద్దంటే పోతుంది. నాకు అభ్యంతరం లేదు, అందరూ ఇలా అడిగితే ఈ క్లీనరే అక్కర్లేదు. నేను మాత్రం కొనలేదు. విండోస్‌తో వచ్చే డిఫెండరే రెండు మెషీన్లలోనూ ఉంది. ఆ డబ్బు పెట్టి యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. క్వారంటైన్ నొక్కాక రీస్టార్టు మధ్యలో కరెంటు పోతే పడే తిప్పలు ఏ ప్రీమియం సాఫ్ట్‌వేరూ తీర్చదు, మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలియంది కాదు.